టీకా వేశారు సరే, పట్టిందా?

సంపాదకులకు నమస్కారం.

నర్సింగ్ అడ్మిషన్ల రోజుల్లో సీట్లు, ఫీజులు, కౌన్సెలింగ్ తేదీల గురించి పత్రికల్లో చాలా వస్తుంది. చేరిన పిల్ల వార్డులో అడుగుపెట్టే నాటికి ఆమె ఒంట్లో ఏ జబ్బును తట్టుకునే శక్తి ఉందో, దేనికి లేదో ఎవరూ రాయరు. క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కళ్లారా చూసిన సంగతి కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

ఒక రెండో సంవత్సరం అమ్మాయి మెడికల్ వార్డులో ఇంజెక్షన్ ఇచ్చాక సూదికి మూత పెట్టబోయి ఎడమ చూపుడువేలికి గుచ్చుకుంది. వాడిన సూదికి మూత పెట్టొద్దని క్లాసులో వందసార్లు చెబుతాం. కానీ సూదులు కత్తిరించే హబ్ కట్టర్ ఆ వార్డులో కారిడార్ చివర ఉండేది. చేతిలో సూదితో అంతదూరం నడవడం కంటే మూత పెట్టడమే నయమనిపించింది దానికి. గ్లవ్ తీస్తే ఆవగింజంత రక్తం. ఇన్‌చార్జి సిస్టర్ తిడుతుందని గంటన్నర ఎవరికీ చెప్పలేదు. తర్వాత నా దగ్గరకొచ్చి, "నాకేం కాదు కదా మేడమ్? నాకు హెపటైటిస్ టీకా అయిపోయింది" అంది. పేషెంటు కేస్‌షీట్ మూలన ఎర్ర ఇంకుతో హెపటైటిస్ బి పాజిటివ్ అని రాసి ఉంది. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు అది.

ఫోన్‌లో టీకా కార్డు ఫొటో చూపించింది. స్టాంపులు రెండే ఉన్నాయి. మూడో డోసు తేదీ వేసవి సెలవుల్లో పడింది. అప్పుడు ఊళ్లో ఉంది. తిరిగొచ్చాక తనూ మర్చిపోయింది, కాలేజీ కూడా అడగలేదు. ఆ పూటే రక్తం తీసి టైటర్, అంటే ఆ జబ్బును ఎదుర్కొనే యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూస్తే, కనీసం 10 ఉండాల్సిన చోట దాని దరిదాపుల్లో కూడా లేదు. వెంటనే వేయాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఆసుపత్రి ఫార్మసీలో లేదు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఊరి అవతలి ఏజెన్సీలో అప్పు చేసి కొని, చల్లటి ఫ్లాస్కులో పెట్టుకొని వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. 24 గంటల్లోపే పడింది కాబట్టి సరిపోయింది. ఆరు నెలల తర్వాత చేసిన పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఆ ఆరు నెలలూ ఆ పిల్ల హాస్టల్లో కడుపునిండా తిన్నది లేదు, కంటినిండా నిద్రపోయింది లేదు.

సూది గుచ్చుకుంటే అందరికీ ముందు గుర్తొచ్చేది హెచ్‌ఐవీ. నిజానికి అలా హెచ్‌ఐవీ సోకేది వెయ్యి మందిలో ముగ్గురికి. రక్షణ లేని మనిషికి హెపటైటిస్ బి సోకే అవకాశం వందలో 30 దాకా ఉంటుంది. ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం రోజులు బతుకుతుంది. దీనికి 0, 1, 6 నెలల్లో మూడు డోసుల టీకా ఉంది. అయితే మూడూ సక్రమంగా వేయించుకున్నా, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నూటికి ఐదుగురి నుంచి పదిమందికి టీకా పట్టదు. ఎవరికి పట్టిందో ముఖం చూసి చెప్పలేం. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ అనే ఆ టైటర్ చూస్తే తెలుస్తుంది. అది 10 లేదా అంతకు మించి వచ్చినవాళ్లకు మళ్లీ బూస్టర్ల గొడవ అక్కర్లేదు. రానివాళ్లకు ఇంకో విడత వేసి చూడాలి. అప్పటికీ రాకపోతే, సూది గుచ్చుకున్న రోజున ఇమ్యునోగ్లోబులిన్ కావాల్సింది ఎవరికో ముందే తెలిసి ఉంటుంది. రాత్రిపూట ఆటోలో వెతుక్కోనక్కర్లేదు.

చిన్నప్పుడే వేయించామండీ అంటారు తల్లిదండ్రులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పసిపిల్లలకు సర్కారు ఈ టీకా ఇవ్వడం విస్తరించింది 2007-08లో. అప్పుడు వేయించుకున్న పిల్లల్లో కూడా 18 ఏళ్లు వచ్చేసరికి టైటర్ పడిపోయి కనిపించడం మామూలే. ఒక డోసు ఇచ్చి మళ్లీ చూస్తే చాలామందిలో లేస్తుంది. కానీ చూడాలి కదా.

ఆటలమ్మ సంగతి వేరు. దాని టీకా సర్కారు పట్టికలోనే లేదు. హాస్టల్లో ఒకరికి పోస్తే గదులు గదులు ఖాళీ అవుతాయి. అదే పిల్ల మర్నాడు ప్రసూతి వార్డులో డ్యూటీకి వెళ్తే గర్భిణులకు, పురిటి బిడ్డలకు ముప్పు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని చేరేటప్పుడే అడిగి, పోయని వాళ్లకు రెండు డోసులు వేయిస్తే సరిపోతుంది. తట్టు, రుబెల్లాకు 2017 ఆగస్టులో రెండు రాష్ట్రాల్లోనూ బడుల్లో ప్రచారం పెట్టి వేశారు. కార్డు ఉన్నవాళ్లు తక్కువ, అంతే.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. విద్యార్థులకు ఏటా వైద్య పరీక్ష, ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు, ఒక్కొక్కరికీ ఆరోగ్య రికార్డు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే చెబుతోంది. ఆచరణలో అది "టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకోండి" అన్న మాటగా మారింది. ఊళ్లో తెలిసిన డాక్టరు లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టిస్తే ఫైలు నిండుతుంది. అలాంటి కాగితాలు నేనూ తీసుకున్నాను, ఒప్పుకుంటున్నాను.

టీకా దొరకదనే సాకు మనకు అసలే లేదు. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. వైద్య సిబ్బందికి ఈ టీకా ఇవ్వాలని 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలోనూ ఉంది. ఇంకో విడ్డూరం. ఇదే అమ్మాయి డిగ్రీ అయ్యాక బ్రిటన్‌కో జర్మనీకో వెళ్లాలనుకుంటే అక్కడి ఆసుపత్రి మొదట అడిగే కాగితాల్లో ఇమ్యూనిటీ రిపోర్టు ఉంటుంది. జర్మనీలోనైతే ఆసుపత్రి ఉద్యోగానికి తట్టు రక్షణ రుజువు 2020 నుంచి చట్టమే. అప్పుడు ల్యాబుకు పరుగెత్తుతారు. పరాయి దేశపు పేషెంటు దగ్గరకు వెళ్లడానికి కావాల్సిన రిపోర్టు, మన వార్డులో నాలుగేళ్లు సూదులతో మెలిగే పిల్లకు అక్కర్లేదా?

రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలను అడిగేది పెద్దదేం కాదు. చేరిన వారంలోనే మొదటి డోసు కాలేజీలోనే వేయాలి. టైటర్ ఖర్చు కాలేజీ పెట్టుకోవాలి, ఫీజులో కలపకూడదు. తనిఖీకి వచ్చినవాళ్లు సర్టిఫికెట్లు కాక టైటర్ అంకెలు చూడాలి. ఒక భయం కూడా ఉంది. పరీక్షలో ఎవరికైనా హెపటైటిస్ బి ఉన్నట్టు తేలితే సీటు పీకేసే పనికి దిగొద్దు. ఆ పిల్లకు కావాల్సింది ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు, గోప్యత. లేకపోతే రేపటి నుంచి ఎవరూ పరీక్షకు చెయ్యి చాపరు.

మూడో డోసు తేదీని అకడమిక్ క్యాలెండర్‌లోనే వేయండి, సెలవుల్లో పడకుండా. హబ్ కట్టర్‌ను మంచాల దగ్గరకు జరపండి.

— ఒక రిటైర్డ్ నర్సింగ్ ఉపాధ్యాయిని, కర్నూలు