బిడ్డను చూసే ఆర్డరు కాగితం మీదే ఆగిపోతోంది

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా,

మా అబ్బాయీ కోడలూ విడివిడిగా ఉంటున్నారు. కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, ఆ జోలికి నేను వెళ్లను. నా బాధంతా మనవడి గురించే.

నెలలో రెండు శనివారాలు, రెండేసి గంటలు తండ్రి వాణ్ణి చూడొచ్చని ఆర్డరు ఉంది. చూడాల్సింది కోర్టు ఆవరణలోని ఒక గదిలో. గోడవారగా బెంచీలు, తలుపు అవతల వాయిదాలకొచ్చిన జనం. వాడు వచ్చిన మొదటి అరగంట తండ్రి వంక చూడడు. షూ లేసు విప్పుతాడు, కడతాడు, మళ్లీ విప్పుతాడు. మెల్లగా దగ్గరికి జరిగి స్కూలు కబుర్లు మొదలుపెట్టేసరికి టైమ్ అయిపోవస్తుంది. ఆర్డర్లో తండ్రి పేరొక్కటే ఉంది కాబట్టి నేను వరండాలో కూర్చుంటాను. ఇల్లు విడిపోయే దాకా నా పక్కలో నిద్రపోయిన పిల్లాడు వాడు.

కొన్ని శనివారాలు రారు. జ్వరమని మెసేజ్ వస్తుంది. నిజంగా జ్వరమే అయి ఉండొచ్చు, కాదనను. కానీ పోయిన ఆ రెండు గంటలు ఇంకో రోజు ఇవ్వాలని ఆర్డర్లో ఎక్కడా లేదు. అడగాలంటే మళ్లీ పిటిషన్, మళ్లీ వాయిదాలు. ఈలోగా పిల్లాడు పెరిగిపోతాడు.

కోర్టు చెప్పినా బిడ్డను హాజరుపరచని వారికి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం జరిమానా 100 రూపాయలకు మించదు. అయినా మొండికేస్తే ఆ తర్వాత రోజుకు 10 రూపాయలు, అదీ మొత్తం 500 దాటకూడదు. ఆ చట్టం 1890 నాటిది. సివిల్ జైలు మాట కూడా అందులోనే ఉంది. తల్లిని జైలుకు పంపించి మనవణ్ణి ఎత్తుకోవాలని నాకు లేదు. పోయిన సమయానికి బదులు సమయం తప్పనిసరిగా ఇవ్వాలని చట్టంలో రాయండి. అంతకంటే పెద్ద శిక్ష నేను కోరను.

హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ చూడండి. పిల్లల పోషణ, చదువు ఖర్చుల దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని అందులో ఉంది. మంచిదే. బిడ్డను చూసే దరఖాస్తుకు మాత్రం అలాంటి గడువు లేదు. డబ్బు కట్టలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని డబ్బు ఆపేయడం రెండూ అన్యాయమే. రెండు చోట్లా నష్టపోయేది పిల్లలే.

కస్టడీ ఒకరికే ఇచ్చినా రెండోవారు బిడ్డతో సంబంధం నిలుపుకునేలా తగినంత సమయం ఇవ్వాలని, దూరంగా ఉన్నవారికి వీడియో కాల్ ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో చెప్పింది. చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2015లోనే తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని, అంటే బిడ్డ బాధ్యత తల్లిదండ్రులిద్దరికీ ఉండడాన్ని, సిఫారసు చేసింది. తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు పిల్లలతో గడిపే సమయానికీ అందులో మార్గదర్శకాలున్నాయి. చట్టం అలా ఉండుంటే నాలాంటివాళ్లు వరండాలో కూర్చోవాల్సిన పని ఉండేది కాదు.

కొట్టే తండ్రి, తాగొచ్చే తండ్రి ఉన్న ఇళ్లు నాకు తెలుసు. అక్కడ బిడ్డ భద్రతే ముందు. సందర్శన వల్ల బిడ్డకు హాని అనిపిస్తే మేజిస్ట్రేటు నిరాకరించాలని 2005 గృహహింస చట్టం చెబుతోంది. అది అలాగే ఉండాలి. అనుమానం ఉన్నచోట కౌన్సిలర్ పక్కన కూర్చుని చూడనివ్వండి. ఏ ఆరోపణా లేని తండ్రినీ, తల్లినీ కూడా అదే గదిలో, అదే కాపలాలో బిడ్డను చూడమనడం మాత్రం సరికాదు.

257వ నివేదిక ఆధారంగా బిల్లు తీసుకురండి. అందులో తాత, అమ్మమ్మ, నాయనమ్మల పేరు చెప్పి మరీ రాయండి. గదుల సంగతికి బిల్లు దాకా ఆగనక్కర్లేదు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 21వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం హైకోర్టులకు ఉంది. వాయిదాల జనానికి దూరంగా, పిల్లలు కింద కూర్చుని ఆడుకునేలా ఒక్కో కోర్టుకు ఒక్కో గది చూడమని హైకోర్టులకు ఈ నెలలోనే ఒక ఉత్తరం రాయండి.

ఇట్లు,
ఒక నాయనమ్మ