హామీ సంతకానికి ముందు ప్రార్థన చాలు అనుకోవద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

ఎవరి అప్పుకో హామీ సంతకం పెట్టి, చివరికి ఆ అప్పు తామే కట్టాల్సి వచ్చిన చిన్న ఉద్యోగుల గురించి పత్రికల్లో తరచూ చదువుతుంటాం. అవి చదివినప్పుడల్లా నాకు మా క్రైస్తవ కుటుంబాలే గుర్తొస్తాయి. ఎందుకంటే మా ఇళ్లలో ఇలాంటి సంతకం చాలాసార్లు ప్రార్థన చేశాకే పడుతుంది. "ప్రార్థన చేశానండీ, మనసుకు సమాధానం (శాంతి) వచ్చింది, పెట్టేశాను" అంటారు. ఆ ప్రార్థన నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ దేవుణ్ణి జ్ఞానం అడిగాక మనం చేయాల్సిన పని ఇంకా ఉంటుంది, మావాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. ఆ మాట చెప్దామనే ఈ ఉత్తరం.

"మీలో ఎవనికైనను జ్ఞానము కొదువగా ఉన్నయెడల అతడు దేవుని అడుగవలెను" అని బైబిల్లోని యాకోబు పత్రిక (అంటే యాకోబు రాసిన ఉత్తరం) మొదటి అధ్యాయంలో ఉంది. మా సండే స్కూలు పిల్లలు కూడా దీన్ని అప్పజెప్తారు. అయితే ఆ పత్రికను అక్కడే మూసేయకుండా చివరిదాకా చదివితే ఆ జ్ఞానం ఎక్కడెక్కడ కావాలో తెలుస్తుంది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినాయన్ని ఎక్కడ కూర్చోబెడుతున్నాం, మాసిన బట్టలతో వచ్చినాయన్ని ఎక్కడ కూర్చోమంటున్నాం, నాలుకను ఎలా అదుపులో పెట్టుకోవాలి, ఫలానా ఊరు వెళ్లి ఏడాదిపాటు వ్యాపారం చేసి లాభం తెస్తాం అని ధీమాగా చెప్పేవాళ్ల సంగతేంటి, చేను కోసిన కూలీలకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి సంగతేంటి. అన్నీ డబ్బు, మాట, పని, మర్యాద. అంటే రోజూ మనం తేల్చుకోవాల్సినవే.

హామీ సంగతి బైబిల్లోనే సామెతల గ్రంథం ఇంకా సూటిగా చెప్తుంది. ఆరో అధ్యాయంలో, పొరుగువాడి కోసం పూటపడి (హామీ ఉండి) ఇరుక్కున్నావా, అయితే కంటికి నిద్ర రానివ్వకుండా వెంటనే వెళ్లి బతిమాలుకుని విడిపించుకో అంటుంది. బైబిల్లో ఇంత స్పష్టంగా ఉన్న సంగతికి మళ్లీ వేరే సూచన కోసం ఎదురుచూడటం ఎందుకు? చట్టం చెప్పేదీ దానికి దూరంగా ఏమీ లేదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం, 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఇచ్చినవాడికీ అంతే బాధ్యత. "మనది ఊరికే సాక్షి సంతకంలాంటిదే" అని చెప్పి పెట్టించుకుంటారు చూడండి, ఆ మాట అబద్ధం. అతను కిస్తీలు ఆపేస్తే బ్యాంకు మీ దగ్గరికి వస్తుంది, రేపు మీ పిల్ల చదువుకి లోనుకు వెళ్లినప్పుడు ఆ బకాయి మీ సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చరిత్ర చూపే రిపోర్టు) కనిపించవచ్చు.

కాబట్టి మోకాళ్ల మీద నుంచి లేచాక అడగాల్సినవి అడగాలి. మొత్తం అప్పు ఎంత, నెలకు కిస్తీ ఎంత, అప్పు తీసుకునే ఆయన చేతికి వచ్చే జీతం ఎంత, ఇంకా ఎక్కడెక్కడ బాకీలున్నాయి, ఆయన కట్టకపోతే నేను కట్టగలనా. ఇంకొకటి, ఇంట్లో భార్యకు చెప్పారా? (ఈ ఒక్క ప్రశ్న దగ్గరే చాలామంది తల దించుకుంటారు.) కట్టలేనని తెలిస్తే సంతకం పెట్టకుండా, చేతనైనంత డబ్బు తిరిగి రాదనుకునే ఇచ్చేయండి. తిరిగి వస్తుందని ఆశించకుండా ఇవ్వమని లూకా సువార్తలో ప్రభువు చెప్పిందీ అదే కదా.

బైబిల్లో యెహోషువ గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో గిబియోనువాళ్లు పాత చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు పట్టుకొచ్చి, చాలా దూరదేశం నుంచి వచ్చాం, మాతో నిబంధన (ఒప్పందం) చేయండి అంటారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలు చూసి నమ్మారు, దేవుణ్ణి మాత్రం అడగలేదు. మూడు రోజులకే వాళ్లు పక్క ఊళ్లవాళ్లేనని బయటపడింది, కానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేకపోయారు. ఇది అడగకపోవడం వల్ల వచ్చిన చిక్కు. పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా అలా కాదు. రాజు "నీకేం కావాలి" అంటే జవాబిచ్చేలోపే మనసులో ప్రార్థన చేసుకున్నాడు, యెరూషలేము చేరాక రాత్రిపూట స్వయంగా వెళ్లి పడిపోయిన గోడలు చూసుకుని వచ్చాడు, శత్రువులు బెదిరిస్తే దేవునికి మొరపెట్టి కావలి కూడా పెట్టాడు. ప్రార్థన చేశాం కదా కావలి ఎందుకు అనలేదు. ప్రార్థన ఎంతసేపు చేశాం అనేది కూడా అక్కడ లెక్కలోకి రాలేదు. కోపంలో వాట్సాప్‌లో జవాబు కొట్టేముందు చేసుకునే ఒక్క మాట ప్రార్థన కూడా ప్రార్థనే.

మీ పాఠకుల్లో కొందరు ఇదంతా మామూలు లోకజ్ఞానమే కదా, మధ్యలో దేవుడెందుకు అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను చూసినంతలో, హామీ పెట్టకూడదని తెలియక పెట్టేవాళ్లు తక్కువ. తోడల్లుడు అడిగాడు, చర్చిలో పక్కన కూర్చునే బ్రదర్ అడిగాడు, కాదంటే ఏమనుకుంటారో అని మొహమాటానికి పెట్టేవాళ్లే ఎక్కువ. దేవుని ముందు కాసేపు నిజాయితీగా కూర్చుంటే ఆ మొహమాటం, మనుషుల భయం తగ్గుతుంది, కాదు అనాల్సినచోట మెత్తగా కాదు అనే ధైర్యం వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అడగడానికి వచ్చినాయన ఎంత కష్టంలో ఉంటే గడప తొక్కాడో కూడా కనబడుతుంది. సొలొమోను రాజు కూడా తన లాభం కోసం జ్ఞానం అడగలేదు, ప్రజలకు న్యాయం తీర్చడానికి అడిగాడు.

ఇక నాకు బాగా బాధ కలిగించే సంగతి. "ప్రభువు నాకు చూపించాడు" అంటూ వేరేవాళ్ల పెళ్లి సంబంధాలు, పిల్లల చదువులు, స్థలాల కొనుగోళ్లు తేల్చేసేవాళ్లు మా మధ్య ఎక్కువవుతున్నారు. వాళ్లను ఎదురుప్రశ్న వేస్తే అవిశ్వాసం అంటారు. పైనుంచి వచ్చే జ్ఞానం పవిత్రంగా, సమాధానంగా, మృదువుగా, ఎదుటివాళ్ల మాట వినేదిగా ఉంటుందని యాకోబే రాశాడు. ప్రశ్నను భరించలేని మాటను నేను ఆ కొలతతో చూస్తాను. పౌలు అంతటివాడు బోధిస్తే బెరయ అనే ఊరివాళ్లు నిజమో కాదో అని రోజూ లేఖనాలు పరిశోధించారు, అందుకు వాళ్లను ఘనులన్నారే గానీ ఎవరూ తప్పుపట్టలేదు. స్వస్థత వచ్చేసింది అని ఎవరో చెప్పారని బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు డాక్టర్ని అడక్కుండా ఆపేసేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. జబ్బుపడిన హిజ్కియా రాజు బాగుపడతాడని దేవుడే చెప్పించాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే.

సంపాదకులు గారూ, మీకు ఒక మనవి. బ్యాంకు అప్పుకు హామీ ఉండటం అంటే ఏంటి, ప్రామిసరీ నోటు మీద ఎవరి సంతకానికి ఎంత బాధ్యత, సంతకం పెట్టేశాక బయటపడే దారులేంటి అనేది లాయర్లతో, బ్యాంకు వాళ్లతో మాట్లాడి తేలిక తెలుగులో ఒక వ్యాసం వేయండి. వీలైతే ఆదివారం వేయండి, ఇంట్లో అందరూ చదువుతారు. మా పాస్టర్లకు, సంఘ పెద్దలకు కూడా ఒక మాట: మన సంఘాల్లో బ్యాంకుల్లో, కోర్టుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఉన్నారు, కానుకలు లెక్కపెట్టే పనికి తప్ప వాళ్లను పిలవడం లేదు. నెలకు ఒక సాయంత్రం వాళ్లను చర్చి హాల్లో కూర్చోబెట్టండి. సంతకం పెట్టబోయేవాళ్లు భార్యాభర్తలు ఇద్దరూ కాగితాలు తెచ్చి చూపించుకుంటారు. ముందు ప్రార్థన చేసి, తర్వాత ఆ కాగితాలు చివరి పేజీదాకా చదివి వినిపించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు జిల్లా