పొయ్యి ధర ఒక్కటే చెప్పడం ఇక మానేస్తున్నాం

పోయిన నెల బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో కర్రల పొయ్యి, దాని పొగ బయటికి పోయే గొట్టం బిగించి బిల్లు చేతికిచ్చాను. ఇంటి పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఏటి బాబూ, పొయ్యి ఏడువేల ఎనిమిదొందలన్నావు. ఇప్పుడు పదిహేనున్నర వేలంటన్నావు. గొట్టానికీ పొయ్యంత ఖర్చేటి?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, తిట్టినా బాగుండేది. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, మజ్జిగ తాగి వెళ్లమన్నాడు. విజయనగరం చేరేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది.

తప్పు నాదే. ఫోన్ చేసి ధరెంత అంటే పొయ్యి ధర ఒక్కటే చెప్పేవాడిని. మొత్తం చెబితే బేరం పోతుందని భయం. "గొట్టం, బిగింపు వేరే అండీ" అని చివర్లో గొంతు తగ్గించి అనేవాడిని, అదీ అన్నిసార్లూ కాదు. అందుకే ఇవాళ మన కస్టమర్లందరికీ లెక్క మొత్తం విప్పి చెబుతున్నాను.

రెండు గిన్నెలు పట్టే పొయ్యి ఇప్పుడు 8,600. ఎనిమిది వందలు పెరిగింది. ఇనుము ధర ఒక కారణం, దాని మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంది. అసలు కారణం మాత్రం వేరు. ఇదివరకు మంట మండే పెట్టెకి 2 ఎంఎం రేకు వాడేవాళ్లం. రోజూ రెండు పూటలా వండే ఇళ్లలో అది ఏడాది తిరక్కుండానే ఉబ్బి వంకరపోయింది. ఇప్పుడు 3 ఎంఎం రేకు వేసి, లోపల మంట తగిలేచోట ఫైర్ బ్రిక్, అంటే వేడికి తట్టుకునే ఇటుక, పెడుతున్నాం. బరువూ ఖర్చూ పెరిగాయి. పాత 2 ఎంఎం పొయ్యి తీసుకున్నవాళ్లు షాపుకి తెస్తే కొత్త పెట్టె వేసి ఇస్తాను. రేకు డబ్బులు ఇవ్వండి చాలు, కూలి తీసుకోను.

ఇక గొట్టం. స్లాబు ఇల్లు అనుకుందాం. మూడడుగుల గొట్టం ముక్కలు నాలుగు, ఒక్కోటి 480 చొప్పున 1,920. వంపులు రెండు, 700. పైన వాన పడకుండా టోపీ 450. స్లాబుకి మెషీన్‌తో కన్నం వేయడానికి వచ్చే అతనికి 1,500. ఆ కన్నం చుట్టూ కాలరు, నీరు కారకుండా వేసే మందు కలిపి 600. క్లాంపులు, తీగలు 500. మేస్త్రీకి, హెల్పర్‌కి ఒక రోజు కూలి 1,700. ఆటో 600. కూడితే 7,970. పొయ్యితో కలిపి 16,570. ఇందులో ఆటో దూరాన్ని బట్టి మారుతుంది, మిగతావి పెద్దగా మారవు. పెంకుటిల్లయితే కన్నం ఖర్చు లేదు, రెండు పెంకులు తీసి రేకు ముక్క సర్దితే సరిపోతుంది. పెరట్లో రేకుల షెడ్డయితే ఇంకా తక్కువ. తాటాకు ఇంటికి మాత్రం ఎంత ఇస్తానన్నా బిగించం. పైగొట్టం వేడికి ఆకు ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

"వంపులు రెండెందుకు, ఒకటే పెట్టి తేల్చెయ్" అని చాలామంది అంటారు. ఎల్ అక్షరంలా ఒక్కసారిగా మడత పడిన ఒక్క వంపు కన్నా, ఏటవాలుగా ఉండే రెండు వంపుల్లో పొగ హాయిగా పోతుంది. పొగకి దారి ఎంత నేరుగా ఉంటే పొయ్యి అంత బాగా గాలి పీల్చుకుంటుంది. పిట్టగోడ దాటి గొట్టం పైకి కనిపిస్తే ఇంటికి అందం పోతుందని ఇంకో వాదన. పిట్టగోడ కన్నా కింద ఆపితే గాలి గోడకి కొట్టుకుని గొట్టంలోకే దిగుతుంది, పొగంతా వంటగదిలోకి వస్తుంది. 480 రూపాయల ముక్క దగ్గర బేరమాడి రోజూ కళ్లు మండించుకోవడం దేనికి? మూడు వైపులా తీగలు కట్టడం కూడా హంగు కోసం కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాలు మనవి.

ఇప్పుడు మా వాళ్లు చేసిన ఒక పని చెప్పాలి. రాజాం వైపు ఒక ఇంట్లో పొయ్యి పెట్టిన నెల్లాళ్లకి ఆ ఇంటి అమ్మగారు ఫోటో పంపారు. దసరాకి వేయించిన లేత పసుపు రంగు గోడ మీద గొట్టం అతుకు దగ్గర్నుంచి గట్టు దాకా నల్లటి చారలు, తారు కారినట్టు. వెళ్లి చూస్తే కింది గొట్టాన్ని పై గొట్టం లోపలికి దూర్చి ఉంది. మా హెల్పర్‌ని అడిగితే, "పొగ కిందనుంచి పైకి పోద్ది కదా అన్నా, అలాగయితే బయటికి రాదు" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. కానీ పొయ్యి వేడెక్కాక గొట్టం లోపలికి లాగుతూనే ఉంటుంది కాబట్టి అతుకులో నుంచి పొగ రాదు. కిందికి దిగేది తారు. పొగ చల్లబడినచోట గొట్టం గోడలకి జిగురుగా పట్టి, బొట్టుబొట్టుగా కారుతుంది. మేడ మీది వాన నీరు దించే పైపులాగే, పై ముక్క కింది ముక్కలోకి దిగి ఉండాలి. అప్పుడు ఆ తారు లోపలే పొయ్యిలోకి జారి కాలిపోతుంది. గొట్టం మొత్తం విప్పి మళ్లీ బిగించాం. గోడకి రంగు వేయించడానికి 2,600 అయింది, అది నేనే పెట్టుకున్నాను. మీ ఇంట్లో మేం బిగించిన గొట్టానికి అతుకుల దగ్గర చారలు కనిపిస్తే ఫోటో పంపండి. ఉచితంగా సరిచేస్తాం.

ఆ ఇంట్లో తారు అంతలా కారడానికి పచ్చి మామిడి కర్ర కూడా కారణమే. అప్పుడే కొట్టిన కర్రలో దాదాపు సగం బరువు నీళ్లే. మంట ముందు ఆ నీటిని మరిగించాలి, తర్వాతే గిన్నెకి వేడి. సరుగుడు గానీ మామిడి గానీ చీల్చి, వాన తగలని చోట గాలాడేలా పేర్చి కొన్ని నెలలు ఆరనివ్వండి. ఒక కర్రకి గుర్తు పెట్టి పదిహేను రోజులకోసారి తూకం వేయండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. పలాస వైపు చుట్టాలు ఇచ్చారని జీడి తొక్కు బస్తాలు తెచ్చి వేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు. తొక్కులోని నూనె చేతికి తగిలితేనే చర్మం పొక్కుతుంది, ఆ పొగ ఎలా ఉంటుందో ఆలోచించండి.

మా అమ్మ కాపురానికొచ్చిన ఇంట్లో 1980ల నాటి సర్కారు పొగరాని పొయ్యి ఉండేది, మట్టి పొయ్యికి సిమెంటు గొట్టం. కొన్నాళ్లకి గొట్టం మసితో మూసుకుపోయింది. శుభ్రం చేయాలని ఎవరూ చెప్పలేదు. అమ్మ గొట్టం పీకేసి ఆ కన్నంలో గుడ్డ కుక్కింది. ఇప్పుడు నేను గొట్టం అడుగున మూత ఉన్న ముక్క ఒకటి పెట్టమంటాను, 300. నెలకోసారి మూత తీసి, తాడుకి కొబ్బరి పీచు ఉండ కట్టి పైనుంచి లాగితే చాలు. ఈ ముక్క వద్దన్నవాళ్లకి బలవంతం లేదు, కానీ ఆరు నెలలకి నాకు ఫోన్ చేసేది ఎక్కువగా వాళ్లే.

వ్యాపారానికి నష్టమైనా ఒక మాట. పక్క జిల్లా ఈదుపురంలో 2024 నవంబరు 1న దీపం-2 గ్యాస్ పథకం మొదలైంది కదా, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఇద్దరో ముగ్గురో ఉండి, కర్రలు కూడా కొనుక్కోవాల్సిన ఇంటికి పదహారు వేల పొయ్యి దండగ. సొంత తోట ఉండి కొమ్మలు ఊరికే పడి ఉన్నవాళ్లకి, రోజూ కాగుతో నీళ్లు కాచేవాళ్లకి, పశువులకి ఉలవలు ఉడికించేవాళ్లకి, పిండివంటలు చేసి అమ్మేవాళ్లకి పనికొస్తుంది. అరకు నుంచి గది వెచ్చబెట్టే పొయ్యి కోసం ఇద్దరు అడిగారు. పడుకునే గదిలో పెట్టేదాని సంగతి వేరు. గొట్టం ఏమాత్రం మూసుకున్నా విషవాయువు గదిలోనే నిండుతుంది, దానికి వాసన కూడా ఉండదు. నాకు ఆ పనిలో అనుభవం లేదు, అందుకే ఒప్పుకోలేదు.

ఇక నుంచి పద్ధతి ఇది. ముందు ఇల్లు చూస్తాను, దానికి 300. పని ఇస్తే బిల్లులో తగ్గిస్తాను. మొత్తం ఖర్చు కాగితం మీద రాసి ఇస్తాను, సగం అడ్వాన్సు. స్లాబులో ఇనుప ఊచ అడ్డొచ్చి కన్నం జరపాల్సి వస్తే ఆ అదనపు ఖర్చు నాదే. బొబ్బిలి పెద్దాయనకి ఫోన్ చేసి, మూత ఉన్న ముక్క ఊరికే పెడతానన్నాను. "రా, మళ్లీ మజ్జిగ తాగుదువుగాని" అన్నాడు. వచ్చే గురువారం వెళ్తున్నాను. గజపతినగరం దారిలో ఇల్లు చూపించుకోవాలన్నవాళ్లు బుధవారం రాత్రిలోగా చెప్పండి, ఆ 300 ఉండదు.