లైను బాగానే ఉంది, స్విచ్ చూడండి

సంపాదకులు గారికి,

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు స్కూళ్లలో, నర్సింగ్ హోముల్లో నెట్ ఆగితే ముందు తిట్లు తినేది లైనిచ్చిన కంపెనీ. కానీ కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె మీద లైట్లన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటూ, పక్క గదిలో ప్రింటరు కూడా పలకకపోతే అది బయటి లైను తప్పు కాదు, బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్: అందరికీ పంపే సందేశాలు లోపలే గిరగిరా తిరిగి నెట్‌వర్క్‌ను ముంచేయడం.

పిడుగుకు పోర్టులు మాడి స్విచ్ మార్చినప్పుడు, ఊడిన వైర్లను ఖాళీ కనబడ్డ చోటల్లా గుచ్చేస్తారు. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లోకి వెళ్తే లూపు పడినట్టే. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ ఉంటుంది, అంటే ఇన్ని మజిలీలు దాటాక చచ్చిపోవాలనే లెక్క. స్విచ్‌లు మోసే ఈథర్‌నెట్ ఫ్రేముకు అదేమీ లేదు, అందుకే 'ఈ ఐపీ అడ్రసు ఎవరిది' అని అందరినీ అడిగే ఒక్క ఏఆర్‌పీ ప్రశ్న కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే కాసేపు ఆగి మళ్లీ మొదలు.

లూపును పసిగట్టి ఒక దారి మూసేసే ఎస్‌టీపీని ఆన్‌లో ఉంచడం మొదటి పని. అయితే బల్ల కింద పెట్టే కొన్ని చవక స్విచ్‌లు, ఎస్‌టీపీ లూపు కనిపెట్టడానికి పంపే బీపీడీయూ సందేశాలను మింగేస్తాయి, అప్పుడు ఎస్‌టీపీకి లూపు కనబడదు. అక్కడ ఆదుకునేది స్టార్మ్ కంట్రోల్, అంటే పోర్టులోకి వచ్చే బ్రాడ్‌కాస్ట్‌కు హద్దు పెట్టడం.

చాలామంది ఆ హద్దును పోర్టు వేగంలో ఒక శాతం అని పెట్టి వదిలేస్తారు. గిగాబిట్ పోర్టులో ఒక శాతమంటే 64 బైట్ల ఫ్రేములు సెకనుకు 14,880. చవక కెమెరాలు ఊపిరాడక చావడానికి అవి చాలు. స్విచ్‌లో వీలుంటే శాతం బదులు సెకనుకు ఇన్ని ప్యాకెట్లని పెట్టండి. అలాగని మరీ బిగిస్తే ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. హద్దు దాటాక స్విచ్ మంచీ చెడూ చూడదు, ఐపీ అడ్రసు ఇమ్మని డీహెచ్‌సీపీ ద్వారా అడిగే ఫ్రేములనూ పారేస్తుంది. మన దగ్గర అసలు పరీక్ష కరెంటు పోయి వచ్చినప్పుడు: మిషన్లన్నీ ఒక్కసారే లేచి అడ్రసు అడుగుతాయి. ఆ నిమిషంలో స్విచ్‌లో బ్రాడ్‌కాస్ట్ కౌంటర్ చూసి, దానికి మూడు నాలుగు రెట్లు హద్దుగా పెట్టాలి. పై స్విచ్‌కు కలిపే అప్‌లింక్ పోర్టుకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అన్ని పోర్టుల బ్రాడ్‌కాస్టూ దాని మీదుగానే పోతుంది.

సిస్కో స్విచ్‌లో హద్దు దాటితే చేయాల్సిన యాక్షన్ 'షట్‌డౌన్' అని పెడితే పోర్టు ఎర్-డిజేబుల్ అయి, అంటే మూతబడి, అలాగే ఉండిపోతుంది. బరంపురం నుంచి మనిషి రావాల్సిన ఊళ్లలో ఎర్-డిజేబుల్ రికవరీ కూడా ఆన్ చేయాలి, అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే 300 సెకన్లకు పోర్టు దానంతటదే లేస్తుంది. లూపు పోకపోతే మళ్లీ పడుతుంది, ఏ పోర్టో లాగ్‌లో తెలుస్తుంది.

స్కూలు కమిటీలు కొటేషన్ అడిగేటప్పుడు, సెట్టింగులు మార్చుకోగల స్విచ్ వచ్చేలా, 'మేనేజ్డ్ స్విచ్, స్టార్మ్ కంట్రోల్‌తో' అని రాయించాలి, కేబుళ్లకు రెండు కొసలా నంబర్లు వేయించాలి.

– ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, రాయగడ