హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న సభ్యుల కోసం చేసిన పని: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25, హన్మకొండ

సభ్యులందరికీ నమస్కారం. బతుకమ్మ ఏర్పాట్లు, మొక్కల పని, జమాఖర్చులు విడి కాగితంలో ఇచ్చాం. ఇక్కడ ఆరోగ్య తరగతుల సంగతే రాస్తున్నాం.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోయిందని చాలామంది హడలిపోతారు. గుండె ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపు చేయలేక కాళ్లలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరడమే ఈ జబ్బు. కాళ్లు వాచి దమ్ము రాకముందే ఆ నీరు చాలాసార్లు బరువు కాటాలో కనబడుతుంది. అందుకే ఎక్కువ సమయం కాటాకూ, ఆ అంకెను ఫోన్‌లో ఇంటివాళ్లకు చేర్చడానికీ ఇచ్చాం.

పొద్దున లేవగానే ఒంటికి పోయొచ్చి, చాయ తాగకముందే, రోజూ ఒకే తీరు బట్టల్లో కాటా ఎక్కాలి. కాటా గచ్చు మీదే ఉండాలి, చాప మీద పెడితే అంకె తప్పుతుంది. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. టైపు చేయలేనివారికి కాటా ఫొటో తీసి పంపడం, వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కిపట్టి మాట్లాడటం నేర్పాం. మాట పూర్తికాకముందే వేలు తీసేయడమే అందరికీ ఎదురైన చిక్కు. నొక్కిన వేలిని పైకి జరిపి తాళం గుర్తు దాకా తీసుకుపోతే, తర్వాత వేలు తీసినా రికార్డింగు ఆగదు. హైదరాబాదులో ఉన్న కొడుక్కు రోజూ అంకె చేరినా, రెండు కిలోల హద్దు అతనికి తెలియకపోతే లాభం లేదు. కాబట్టి అది పిల్లలకూ రాసి పంపాం.

గోలీల దగ్గర పెద్ద తప్పు నీళ్ల గోలీతో, అంటే ఫ్యూరోసెమైడ్‌తో జరుగుతోంది. బస్సు ప్రయాణం ఉందని ఆ పూట మానేస్తారు. వేసుకున్న గంటలో మూత్రం మొదలై దాదాపు ఆరు గంటలు సాగుతుంది కనుక ఆ ఇబ్బంది నిజమే. ప్రయాణం రోజు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాకు ఇంతకన్నా భయం కలిగిస్తున్నాయి. అవి ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలిపేస్తాయి. స్పైరోనోలాక్టోన్, అంటే పొటాషియంను ఒంట్లోనే నిలిపే గోలీ, వాడేవారు తక్కువ సోడియం ఉప్పు కొనవద్దు. అందులోని పొటాషియం రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఉప్పు రోజుకు మొత్తం 5 గ్రాములు దాటకూడదు, అంటే అంచుకు సమంగా ఒక చిన్న చెంచాడు. తొక్కు, అప్పడం, సంక్రాంతి సకినాలు అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి.

ఈ-సంజీవనిలో, అంటే ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ డాక్టరు సేవలో, డాక్టరుతో మాట్లాడేటప్పుడు గోలీల షీటు మీద పేరు, మిల్లీగ్రాములు ఉన్న వైపు చూపండి. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్న వాట్సాప్ సందేశాన్ని నమ్మవద్దు, ఎవరికీ పంపవద్దు. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, కూర్చున్నా దమ్ము తగ్గకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

సంఘం హాల్లోని కాటా రోజూ ఉదయం 6 నుంచి 8 దాకా అందుబాటులో ఉంటుంది. ఇంట్లో కాటా ఉన్నవారు దాన్నే వాడండి. రెండు కాటాల అంకెలు కలిపి రాస్తే బరువు పెరిగిందో, కాటాల మధ్య తేడానో తెలియదు.