దేశం సరే, ఏ ఒడ్డు?

సంపాదకులకు,

వేసవి సెలవుల్లో బీచ్‌కి వెళ్లాలంటే థాయ్‌లాండ్ మంచిదా, మలేసియా మంచిదా అని ఆదివారం సంచికలో రెండు పేజీల వ్యాసం వేశారు. హోటళ్లు, షాపింగ్, విమానం ఛార్జీలు, వీసా అన్నీ గళ్లు గీసి మరీ పోల్చారు. బొమ్మలు బాగున్నాయి. మావారు ఆ పట్టికను కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించారు కూడా. కానీ అందులో నెల అనే గడి లేదు. రెండేళ్ల క్రితం నేను డబ్బు పోసి నేర్చుకున్నది సరిగ్గా ఆ గడి గురించే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను సోషల్ టీచర్‌ని. ఇరవై రెండేళ్లుగా నైరుతి రుతుపవనాల పాఠం చెబుతున్నాను. గాలి కొండను ఏ వైపు నుంచి కొడుతుందో, అవతలి వైపు ఎందుకు వాన తగ్గుతుందో బోర్డు మీద బాణాలు గీసి పిల్లల చేత అప్పజెప్పిస్తాను. అంతటిదాన్ని, మే చివరి వారానికి ఫుకెట్ టికెట్లు కొన్నాను. ఫుకెట్ ఉన్నది అండమాన్ సముద్రంలో, అంటే ఆ బాణం వచ్చి గుచ్చుకునే వైపు. గది సగం ధరకే దొరికిందని మురిసిపోయానే గానీ, ఎందుకు దొరికిందో ఆలోచించలేదు.

కరోన్ బీచ్‌లో ఇసుక ఎంత సన్నగా ఉంటుందంటే, అడుగు వేస్తే కిర్రుమంటుంది. నాలుగు రోజులూ దాని మీద నడిచాం, అంతే. ఒడ్డు పొడవునా, ఈతకు దిగొద్దని చెప్పే ఎర్ర జెండాలు. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్లు. కొత్త మాస్క్ నుదుటి మీదికి ఎత్తుకుని రోజూ పొద్దున్నే వెళ్లి, జెండా రంగు చూసి మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. మూడో రోజు, విరుచుకుపడే అలల మధ్య ఒకచోట నీళ్లు నున్నగా కనిపించాయి. "అమ్మా, అక్కడ అలలు లేవు, అక్కడ దిగుతా" అని అటు పరుగెత్తాడు. లైఫ్‌గార్డ్ విజిల్ ఊదుతూ వచ్చి, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇసుకలో వేలితో గీసి చూపించాడు. అలలతో ఒడ్డుకు చేరిన నీళ్లు తిరిగి లోపలికి పోయే పాయ అది. అల విరగని చోటే మనిషిని లాక్కుపోతుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడే ఈదుతూ ఆ పాయ దాటి పక్కకు వచ్చేయాలి. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా నా ఇరవై రెండేళ్ల పాఠాలకన్నా ఆ గీత బాగా అర్థమైంది మావాడికి.

సిమిలన్ దీవులు చూపిస్తానని కూడా వాడికి మాటిచ్చి ఉన్నాను. తీరా అడిగితే, ఆ నేషనల్ పార్కు ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారట. ఫీ ఫీ దీవుల్లోని మాయా బే సంగతి సరే సరి. 2018లో మూసి 2022లో తెరిచాక కూడా అక్కడ ఈతకు వీల్లేదు, పైగా ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ మూత. మీ వ్యాసంలో ఈ రెండింటి ఫొటోలూ ఉన్నాయి.

వాన గురించి భయపెట్టడం లేదు. మేమున్నన్నాళ్లూ గంటో రెండు గంటలో దంచి కొట్టి, మళ్లీ ఎండ కాసేది. ఆ ఎండలోనూ ఎర్ర జెండా దిగలేదు. అసలు చిక్కు సముద్రంతోనే.

ఇంటికొచ్చాక అట్లాస్ ముందేసుకుని కూర్చున్నాను. దక్షిణ థాయ్‌లాండ్, దాని కింద మలేసియా ఒకే పొడవాటి ద్వీపకల్పం. క్రా అనే ఇరుకు చోట దాని వెడల్పు దాదాపు 44 కిలోమీటర్లే. అటు అండమాన్ సముద్రం, ఇటు థాయ్‌లాండ్ సింధుశాఖ. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి పడమటి ఒడ్డును బాదుతుంటే, తూర్పు ఒడ్డు కొండల చాటున కుదురుగా ఉంటుంది. నవంబరు నుంచి ఈశాన్య గాలి మొదలై అంతా తిరగబడుతుంది. అంటే ఆ రెండో రోజే ఫుకెట్‌లో బస్సెక్కి, సూరత్ థానీ వైపు వెళ్లి, పడవలో తూర్పు వైపున్న కో సమూయ్ దీవి చేరి ఉంటే అదే దేశంలో, అదే వారంలో మాకు ఇంకో సముద్రం దొరికేది. సమూయ్‌లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా.

కిందటేడు మళ్లీ మే చివరి వారమే, మలేసియా వెళ్లాం. మీరు ఫొటో వేసిన లంకావికి కాదు. అదీ పడమటి వైపే. సుమత్రా దీవి అడ్డుండటం వల్ల ఫుకెట్ అంత అల్లరి ఉండదు, అది వేరే మాట. మేం తూర్పున తెరెంగాను రాష్ట్రంలోని పెర్హెంతియన్ దీవులకు వెళ్లాం. ఆ మాటకు మలయ్ భాషలో మజిలీ అని అర్థం. కువాలా బెసుట్ రేవు నుంచి స్పీడ్‌బోటు. నీళ్లు గాజులా ఉన్నాయి. తాబేలు ఒకటి మెల్లగా పైకి వచ్చి, మావాడి మాస్క్‌కి మూరెడు దూరంలో తల బయటపెట్టి ఒక్క ఊపిరి పీల్చి, మళ్లీ దిగిపోయింది. వాడు నీళ్లలోనే అరిచాడు, స్నార్కెల్ గొట్టంలోంచి బూరలా వినిపించింది.

అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. పడవ ఎగిరెగిరి పడుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు ముందు వరసలో కూర్చోవద్దు. మమ్మల్ని దించినచోట రేవు లేదు, మా అత్తయ్య చీర ఎత్తిపట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచారు. ఆ రాష్ట్రంలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. తెలియక శుక్రవారం దిగాం, రింగిట్లు మార్చుకోవడానికి తలప్రాణం తోకకొచ్చింది. దీవి మీద నగదే ఎక్కువ నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ చాలా రిసార్టులు తాళాలు వేసుకుంటాయి. వీసా మాటేమో గానీ, రెండు దేశాలకూ ఇప్పుడు దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. మీ పట్టికలో అదీ లేదు.

కాబట్టి ఈసారి పట్టిక వేసేటప్పుడు దేశాల పేర్ల కింద తూర్పు ఒడ్డు, పడమటి ఒడ్డు అని విడదీసి, నెలలు కూడా వేయండి. ఫ్రిజ్ మీది కాగితంలో ఎర్ర పెన్నుతో ఆ వరస నేనే గీశాను. మావారు వచ్చి చూసి, "మరి డిసెంబరులో అయితే?" అన్నారు.

డిసెంబరులో అయితే ఫుకెట్టే.

భవదీయురాలు,
ఒక సోషల్ టీచర్