టెక్ 45 చివరి డైవ్ గురించి మీ కస్టమర్ కేర్‌కు ఇదే ఆఖరి ఉత్తరం

మేనేజర్ గారికి,

ఈ ఉత్తరం తెలుగులో ఉందేమిటని కంగారు పడకండి. ఇంగ్లీషులో రాసినవి ఎలాగూ చదవలేదు కదా, దీన్ని పక్కన పడేయడానికి మీకు కనీసం ఒక కారణమైనా దొరుకుతుందని ఇలా రాస్తున్నాను. పైగా దుబాయ్‌లో ఉన్న తెలుగువాళ్ళ కోసం మీరు రీల్స్ చేసింది తెలుగులోనే. "అన్నా, సముద్రం అడుగున ఏముందో చూద్దాం రా" అని పిలవడం వచ్చినవాళ్ళకు "అన్నా, నా కోర్సు పాసైన కార్డు ఏమైంది" అంటే అర్థం కాకుండా పోదులెండి.

ముందే చెబుతున్నాను, ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న దాహబ్‌లో మీ సెంటర్‌లో జరిగిన టెక్ 45 (45 మీటర్ల లోతు దాకా దిగే స్కూబా కోర్సు) ట్రైనింగ్ మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. ఇన్‌స్ట్రక్టర్ చాలా మంచివాడు, గట్టివాడు కూడా. చివరి డైవ్ రోజు ఉదయం ఉత్తరపు గాలి లేచి, మేం దిగాల్సిన బెల్స్ అనే చోట కెరటాలు రీఫ్ మీద విరుగుతున్నాయి. వీపున జంట సిలిండర్లు, పక్కన డెకో (డికంప్రెషన్) సిలిండర్, అంటే పైకి వచ్చేటప్పుడు ఆగి పీల్చే ఆక్సిజన్‌ది, ఆ బరువుతో రాళ్ళ మీద నిలబడటమే కష్టంగా ఉంది. గ్యాస్ అనలైజ్ చేసి ఆక్సిజన్ సిలిండర్‌కు టేపు అంటించి, ఆరు మీటర్ల కన్నా లోతులో పీల్చకూడదని గుర్తుగా దాని మీద పెద్దగా 6 అని మార్కర్‌తో రాసి అన్నీ సిద్ధం చేసుకున్నాక ఆయన నీళ్ళ వైపు కాసేపు చూసి "ఈ రోజు వద్దు" అన్నాడు. సరిగ్గానే అన్నాడు. ఆ పక్కనే బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంత దగ్గర కొండరాయికి బిగించిన, చనిపోయిన డైవర్ల పేర్ల పలకలు చూసినవాడెవడూ ఆ మాటకు ఎదురు చెప్పడు. గాలి తగ్గాక ఎప్పుడైనా వచ్చి ఆ ఒక్క డైవ్ చేసుకోవచ్చు, పైసా అదనంగా కట్టక్కర్లేదు అని మీ సెంటర్ వాళ్ళు వాట్సాప్‌లో రాసి మరీ ఇచ్చారు.

ఆ తర్వాత ఆ ఇన్‌స్ట్రక్టర్ మీ కంపెనీ వదిలేసి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి మొదలయ్యాయి నా తిప్పలు.

మొదట మీ వాట్సాప్ బాట్. "మీ సముద్ర ప్రయాణానికి స్వాగతం" అంటుంది, డాల్ఫిన్ బొమ్మ పెడుతుంది. ఓపెన్ వాటర్ కోసం 1, పిల్లల కోర్సుల కోసం 2, గిఫ్ట్ వోచర్ల కోసం 3 నొక్కమంటుంది. టెక్నికల్ డైవింగ్ అనే మాట అందులో ఎక్కడా లేదు. "ఇతరములు" నొక్కితే మళ్ళీ స్వాగతం, మళ్ళీ డాల్ఫిన్. ఆ డాల్ఫిన్ మొహం చూస్తేనే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతోంది.

సరే, మనిషితో మాట్లాడదామని ఫోన్ చేశాను. మొదటి ఏజెంట్ నా గోడంతా విని "సార్, మీకు 30 డైవ్‌లు లాగ్ అయ్యాయా?" అన్నాడు. ఇంకోరోజు ఇంకొకాయన "50 ఉండాలి సార్" అన్నాడు. మూడో ఆయన ఏకంగా వంద అడిగాడు. ముగ్గురూ చెప్పింది ఏదో ఒక కోర్సుకు నిజమే, తమాషా అదే. 30 టెక్ 40కి, 50 టెక్ 45కి, 100 టెక్ 50కి. ఎవరి స్క్రీన్ మీద ఏ పేజీ తెరిచి ఉంటే అది చదివేశారు. నేను ఏ కోర్సు గురించి మాట్లాడుతున్నానో ఒక్కరూ అడగలేదు. ముగ్గురూ కలిపి తేల్చింది మాత్రం ఒక్కటే, "మీ అర్హత వెరిఫై చేయాలి సార్". అర్హత చూడకుండానే నన్ను కోర్సులో చేర్చుకున్నారా? నా లాగ్‌బుక్ పేజీలన్నీ ఫొటోలు తీయించుకుని, మెడికల్ ఫారం మీద డాక్టర్ సంతకం పెట్టించుకుని, అప్పుడే కదా డబ్బులు కట్టించుకున్నారు!

ఆ తర్వాత ఒక అమ్మాయి. పాపం చాలా మర్యాదగా మాట్లాడింది, ప్రతి వాక్యానికీ "అర్థమైంది సార్" అంది. నాకు కొంచెం ఆశ పుట్టింది. చివర్లో "సార్, పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగారు కదా, అయితే ప్రాబ్లం లేదు" అంది. అమ్మా, అది సేఫ్టీ స్టాప్. మామూలు డైవ్‌లలో ముందు జాగ్రత్త కోసం ఆగేది. నేను చేయాల్సింది డెకో డైవ్, అందులో స్టాప్ మానేసి తిన్నగా పైకి వచ్చే వీల్లేదు. 45 మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి ఐదున్నర రెట్లు. అక్కడ ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేదాకా మెట్టు మెట్టుకూ ఆగాలి, లేకపోతే అది బుడగలై కీళ్ళలో, వెన్నుపాములో చేరుతుంది. 1908లోనే హాల్డేన్ అనే ఆయన మేకల మీద ప్రయోగాలు చేసి ఈ స్టాప్‌ల పట్టికలు తయారు చేశాడు. ఆ మేకల్లో ఏదో ఒకటి మీ ఆఫీసులో ఫోన్ ఎత్తినా నాకు ఇంతకన్నా మంచి జవాబు దొరికేది. ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు, ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పకుండా ఫోన్ ముందు కూర్చోబెట్టిన వాళ్ళను అంటున్నాను.

ఆ కాల్ అయిన కాసేపటికే మెసేజ్. "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" నేనొకటి ఇచ్చాను. వెంటనే థాంక్యూ అని వచ్చింది. అడిగినవాటిలో మీరు టక్కున జవాబిచ్చింది అదొక్కటే.

మెయిళ్ళ సంగతి ఇంకో కథ. దుబాయ్ ఆఫీసుకు రాస్తే "ట్రైనింగ్ విషయాలు దాహబ్ సెంటర్ చూసుకుంటుంది". దాహబ్‌కు రాస్తే "బుకింగ్ దుబాయ్‌లో జరిగింది, వాళ్ళనే అడగండి". ఇద్దరినీ ఒకే మెయిల్‌లో కలిపి పెడితే ఇద్దరూ గప్‌చుప్. పాత ఇన్‌స్ట్రక్టర్‌ను నేనే వెతికి పట్టుకుంటే, ఆయన పాపం అదే రోజు జవాబిచ్చాడు. పేపర్లన్నీ సెంటర్‌లోనే ఇచ్చి వచ్చాను, చివరి డైవ్ తప్ప మిగిలినవన్నిటికీ సంతకం పెట్టాను అన్నాడు. ఆ మాట మీకు పంపిస్తే మీ దగ్గర నుంచి వచ్చింది ఏమిటో తెలుసా? మళ్ళీ మెడికల్ ఫారం పంపమని!

నేను అడుగుతున్నది ఆకాశంలో చుక్కలేమీ కాదు. పూర్తయిన డైవ్‌లు, స్కిల్స్ సంతకాలతో సహా ఉన్న నా ట్రైనింగ్ రికార్డు నా చేతికివ్వండి, ఆ మిగిలిన డైవ్‌కు మీ దగ్గర ఇప్పుడున్న టెక్ ఇన్‌స్ట్రక్టర్ ఎవరైనా ఒక తేదీ చెప్పండి. కొత్తాయన నన్ను మళ్ళీ పరీక్షించాలంటే పరీక్షించుకోమనండి, వాల్వ్ డ్రిల్ (నీళ్ళలో సిలిండర్ల వాల్వులు మూసి తెరిచి చూపించడం) ఇంకోసారి చేయమంటే చేస్తాను, అది ఆయన హక్కు. డైవ్ చేయకుండా కార్డు ఇమ్మని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ మాట అన్నది మీరే.

అవును, మీరే. మీ సూపర్‌వైజర్ గారు, ఎంతో బతిమాలితే లైన్‌లోకి వచ్చిన పెద్దమనిషి, చాలా చనువుగా "ఎందుకు సార్ ఇంత టెన్షన్, ఫుజైరాలో ఫ్రెండ్‌తో కలిసి 45కి ఓసారి దిగేసి డైవ్ కంప్యూటర్ స్క్రీన్‌షాట్ పంపండి, మేం అడ్జస్ట్ చేసేస్తాం" అన్నాడు. అప్పటిదాకా నాకు చిరాకే, ఆ క్షణాన భయం వేసింది. డెకో కోర్సులో చివరి డైవ్ ఉన్నది స్క్రీన్‌షాట్ కోసమా? గ్యాస్ మార్చేటప్పుడు ఆ సిలిండర్ మీది టేపు చదివి, లోతు చూసుకుని, పార్ట్‌నర్‌కు చూపించి అప్పుడు నోట్లో పెట్టుకున్నానా లేదా అని పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ చూడాలి. ఆ ఆక్సిజన్ ఆరు మీటర్ల దగ్గర ప్రాణం కాపాడేది, అదే పొరపాటున ఇరవై మీటర్ల దగ్గర పీల్చితే ఫిట్స్ రావచ్చు, నీళ్ళలో ఫిట్స్ వస్తే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోతుంది, ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. దీన్ని "అడ్జస్ట్" చేస్తారా? ఈ సంభాషణ తాలూకు కాల్ మీ దగ్గర రికార్డయి ఉంటుంది, "క్వాలిటీ కోసం" అని మీరే ముందు చెప్పారు. వినండి ఓసారి.

నేను ఒప్పుకోలేదని ఆయనకు కోపం వచ్చినట్టుంది, మరుసటి వారం ఇంకో ఆఫర్ పంపారు. టెక్ 50 ప్యాకేజీ కొనండి, టెక్ 45 చివరి డైవ్ అందులో ఫ్రీ. బాగుంది. టెక్ 50లో చేరాలంటే టెక్ 45 పాసై ఉండాలి. టెక్ 45 పాసవ్వాలంటే ఆ చివరి డైవ్ కావాలి. ఆ డైవ్ కావాలంటే టెక్ 50 కొనాలి. ఈ ఆఫర్ తయారు చేసినాయనకు ప్రమోషన్ ఇచ్చారా, ఇంకా లేదా? అది కాదంటే "టెక్ 40 కార్డు ఉంది కదా సార్, 40 మీటర్లు, పది నిమిషాల డెకో దాకా వెళ్ళొచ్చు, అది చాలదా" అని ఇంకొకరు. బిర్యానీకి డబ్బు కట్టించుకుని పెరుగన్నం ఉంది కదా తినండి అన్నట్టుంది.

ఓపెన్ వాటర్ మీ దగ్గరే చేశానండీ. అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్, రెస్క్యూ, డీప్, టెక్ 40 అన్నీ మీ దగ్గరే. వేరేచోట చవగ్గా దొరుకుతుందని ఫ్రెండ్స్ చెప్పినా, తెలిసినవాళ్ళ దగ్గర అయితే ప్రాణానికి భరోసా అని మిమ్మల్నే పట్టుకుని వేలాడాను. రెగ్యులేటర్లు, రెక్క (వీపున కట్టుకునే గాలి సంచి), లాంగ్ హోస్ (పొడుగాటి గాలి గొట్టం) మీ షాపులోనే కొన్నాను. మా ఆవిడకు నీళ్ళంటే భయం, ఆమె చేత కూడా మీ దగ్గర ఓపెన్ వాటర్ చేయించాను. మా బావమరిదిని, ఆఫీసులో సగం మందిని ఫుజైరా వీకెండ్ బోటు ఎక్కించింది నేనే. వైజాగ్ నుంచి మా బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా "ఒరేయ్, అంత లోతుకు ఎందుకురా" అని తిడుతుంటే, మా కంపెనీ వాళ్ళు చాలా పద్ధతిగా ఉంటారు బాబాయ్ అని మీ తరఫున వాదించాను. "మా కంపెనీ" అన్నాను, చూడండి. ఇప్పుడు ఆయన "కార్డు వచ్చిందా" అని అడిగితే మాట మార్చేస్తున్నాను.

అదే, మాట తిప్పకుండా మొదటే "మా దగ్గర ప్రస్తుతం టెక్ ఇన్‌స్ట్రక్టర్ లేడు, ఫలానా నెలదాకా ఆగండి" అని చెప్పి ఉంటే ఆగేవాణ్ణి. ఎర్ర సముద్రం ఎక్కడికీ పోదు. నన్ను మనిషిగా లెక్క చేయకపోవడమే భరించలేకపోయాను. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పించుకోవడం, వెనక పాట పెట్టి హోల్డ్‌లో ఉంచడం, తర్వాత లైన్ కట్ అయిపోవడం, మళ్ళీ చేస్తే కొత్త గొంతు "మీ పేరు చెప్పండి సార్" అనడం.

ఇక నా ఓపిక అయిపోయింది. వచ్చే ఆదివారం లోపల మీలో ఎవరైనా, డెకో స్టాప్‌కూ సేఫ్టీ స్టాప్‌కూ తేడా తెలిసినవాళ్ళు, నాకు ఫోన్ చేయాలి. లేకపోతే ఆ స్క్రీన్‌షాట్ సలహా సంగతి తేదీతో సహా మీకు గుర్తింపు ఇచ్చిన ట్రైనింగ్ ఏజెన్సీ క్వాలిటీ విభాగానికి రాస్తాను, వాళ్ళు మీలాగా డాల్ఫిన్ బొమ్మ పంపరనుకుంటున్నాను. దుబాయ్ కన్స్యూమర్ ప్రొటెక్షన్‌లో కేసు పెడతాను, కట్టిన డబ్బు మొత్తం వెనక్కి అడుగుతాను, దాహబ్ వెళ్ళొచ్చిన టికెట్లతో కలిపి. గల్ఫ్‌లో ఉన్న తెలుగు డైవర్ల గ్రూపులన్నిటిలో ఈ ఉత్తరం పెడతాను, వాట్సాప్‌లో మీ సెంటర్ రాసిచ్చిన మాటతో పాటు. వచ్చే సీజన్‌కు మీ దగ్గర చేరదామని అడ్వాన్స్ కట్టిన మా ఆఫీసు కుర్రాళ్ళు నేనేం చెబుతానా అని ఎదురుచూస్తున్నారు. వాళ్ళకు ఏం చెప్పాలో మీరే నిర్ణయించండి.

బుకింగ్ నంబరు మీ సిస్టంలో ఉంది, నా మెడికల్ ఫారాలు ఒక కట్టే ఉంది, మళ్ళీ అడగొద్దు. ఈ ఉత్తరానికి కూడా "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే మాత్రం, నక్షత్రాలు నొక్కే పని పెట్టుకోను, నేరుగా మీ ఆఫీసుకే వచ్చి రిసెప్షన్‌లో కూర్చుంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్ (బుకింగ్ పేరు మీద వెతికితే దొరుకుతాను)